తూకం సరిచూసితిని

కిరండోల్ పాసింజరు
చిమిడిపల్లిలో మమ్మల్ని దింపేసి
సొరంగంలోకి తల దూర్చుకుంది.
జీపు మనిషికి నూట ఇరవై.
పదకొండు మందిమి, అందరమూ విశాఖ పోర్టులో రిటైరైనవాళ్ళం,
మోకాళ్ళ గురించే మాట్లాడుకుంటూ
దొర తోటకి ఎక్కాం.

చూపించే మనిషి పేరు వంతల చిలకమ్మ.
మెడలో గుర్తింపు కార్డు, ముక్కుకి మూడు పోగులు.
"ఇది కోకో. దొర ఏదో దీవి నుంచి ఓడలో తెచ్చాడు.
దారంతా మొక్కలకి మంచినీళ్ళు, కూలీలకి కొలిచినన్ని నీళ్ళు"
అని పాఠం అప్పజెప్పింది.
ఎన్నిసార్లు చెప్పిందో,
మేం నవ్వాల్సిన చోట తనే నవ్వేసింది.

నేను చెట్టుకేసి చూస్తున్నాను.
కొమ్మ చివర కాదు, రెమ్మన కాదు,
మాను ఒంటి మీదే కాయలు.
పువ్వు కూడా బెరడు చీల్చుకునే, చీమ తలకాయంత.
బస్తాలు మోసి మోసి
మా కలాసీ ఎర్రునాయుడి చేతులు కాయలు కాచాయంటే
ఏదో మాట వరసకనుకున్నాను ఇన్నాళ్ళూ.
ఇలా కాస్తాయన్నమాట.

బంగళాలో అందరూ దొరసాని పియానో పక్కన
ఫోటోలు దిగుతున్నారు. పళ్ళూడిన పియానో.
నేను వెనక కొట్టంలోకి పోయాను.
అక్కడ దూలానికి త్రాసు.
ఇనపది, కాడ మీద సీమ అక్షరాలు,
తుప్పు పట్టినా ఊగడం మరిచిపోలేదు.

ముప్పయ్యొక్క ఏళ్ళు వేబ్రిడ్జి గుమస్తాని.
లారీ ఎక్కగానే టైర్ల కుంగు చూసి
సీటు కింద ఏం దాచాడో చెప్పేసేవాణ్ణి.
చెయ్యి ఊరుకోదు కదా.
రాలిన కాయలు రెండు ఏరి
అటొకటి ఇటొకటి వేశాను.
కుడిది దిగింది.
కాయలు మార్చి వేశాను.
మళ్ళీ కుడిదే.
జానలు పెట్టి కొలిచాను కాడని.
రాళ్ళు వేసే వైపు పొడుగు,
నా బొటనవేలి వెడల్పంత.
మణుగుకి పావు వీశకి పైమాటే.

చిలకమ్మని పిలిచి చూపించాను.
ఆవిడ త్రాసుని చూడలేదు, నన్ను చూసింది.
"మా ముసిల్దానికి తెలుసు బాబూ.
అందుకే బుట్ట అడుగున
గెడ్డలో గులకరాయి ఒకటి ఏసీది.
రాయేస్తన్నారనే కాడ పొడుగు సేయించేనని దొర.
కాడ పొడుగనే రాయేస్తన్నామని మావోళ్ళు.
ఏది ముందో మరి."

ఇది పాఠంలో లేదు. ఇక్కడ నవ్వలేదు.

ఓ కాయని గడపకేసి కొట్టి
నా దోసిట్లో విప్పింది.
తెల్లటి గుజ్జు, సీతాఫలానికి చుట్టం.
చప్పరించి, తెలియక గింజ కొరికాను.
నాలిక్కి చేదు మేకు దిగినట్టయింది.
"గుజ్జు మాది, గింజ దొరది.
మావోళ్ళు నమిలి ఉమ్మినయ్యే
ఆళ్ళ దేశంలో సాకలెట్లయిపోనాయి"
అని, అప్పుడు నవ్వింది,
గోడ మీది దొర పటం దాకా వినపడేలా.

గుమ్మం దగ్గర పుస్తకం, అభిప్రాయాలకి.
'చాలా బాగుంది.'
'మరుగుదొడ్లు కావాలి.'
'దొరగారి అభిరుచికి జోహార్లు.'
కలం తీశాను.
ఉద్యోగం పొడుగునా రాసిన వాక్యమే,
నాకు వేరేది రాదు:
"తూకం సరిచూసితిని. తేడా కలదు."
ఎంత, అన్నచోట కలం ఆగింది.
ఎన్ని బుట్టలు, ఎన్ని వానాకాలాలు,
అందులోంచి గులకరాళ్ళు తీసేస్తే...
కింద జీపు హారను మోగుతోంది.
ఖాళీ వదిలి సంతకం పెట్టి, తేదీ వేశాను.

జేబులో నాలుగు గింజలు మిగిలాయి.
కంచరపాలెంలో మేడ మీద
పాత పేపరు పరిచి ఆరబెట్టాను.
పేపరు మీద నీలం మరకలు, పుల్లటి వాసన,
రేవు వైపు నుంచి ఏదో ఓడ కూత.
నిన్న ఒకటి కాకి ఎత్తుకుపోయింది.
మూడున్నాయి.